నవల మధ్యలో నాయన

తాను రాసిన నవల రేపు అచ్చుకు పోవాలి. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన చెల్లెలు ఆదోనిలో అన్న పత్తి దుకాణంలో కూర్చుంది.

"మొదటినుంచి సదివినావా అన్నా?"

"బోరెం సంచి పైపైన చూసి పత్తి కొంటామా? మధ్యలో చెయ్యి పెట్టి లాగుతాం. పాత నవలలు యాడ లాగినా ఒకటే దూది. ఇప్పటివి పైన తెలుపు, లోపల చెత్త."

"నాది?"

"నీ దాంట్లో మధ్యాన్నం పత్తిమీద నీళ్లు చల్లి తూకం పెంచే యాపారి మన నాయనే కదా?"

"అది ఉత్త కథే అన్నా."

"మార్కెట్ యార్డులో అందరూ గుర్తుపడతారు. ఈ బోర్డుమీద ఉండేది ఆయన పేరే."

"తీసేయమంటావా?"

అన్న రాతప్రతిలో ఆ పేజీ తీసినాడు.

"మధ్యాన్నం చల్లితే తూకం వేసేలోపల ఆరిపోతాది. నాయన తెల్లారుజామున చల్లుతాండె. అది దిద్దు."

"నీకెట్ల తెలుసు?"

"ఆ నీళ్ల బిందె మోసింది నేనే. అదీ రాయి."