కంటికి ఆనే వెలుగులు

ఉత్తర ధ్రువ కాంతులు ఎక్కడికెళ్లి చూడాలా అని అక్కా తమ్ముడూ భోజనాల బల్ల మీద పటం పరిచారు.

“ఈ రేవుపట్నం చాలదట్రా? ప్రయాణమూ తక్కువే.”

“అక్కడ మసగ్గా ఉంటాయక్కా. కెమెరాకి తప్ప కంటికి ఆనవు.”

“పోనీ, ఫొటోలు తీసుకుని ఇంటికొచ్చి తీరిగ్గా చూసుకుందాం.”

“వద్దు, నువ్వు కళ్లారా చూడాలి. ఇంకా పైకి, ఈ దీవికి వెళ్దాం.”

“సరే, వచ్చే ఏడాది చూద్దాం.”

“కాదు, ఈ చలికాలమే.”

“ఫ్యాను వేస్తేనే ముసుగుతన్నే వాడివి, నీకింత తొందరేంట్రా?”

“ఊరికే.”

“ఊరికే అయితే నువ్వు వీధి చివరిదాకా కూడా రావు. నిజం చెప్పు. మొన్న కళ్ల డాక్టరు నన్ను బయట కూర్చోబెట్టి నీతో ఏం చెప్పాడు?”

తమ్ముడు తలెత్తకుండా పటం మడతపెట్టసాగాడు.

“మడవకురా. ఆ దీవి ఎక్కడుందో మళ్లీ చూపించు.”