పడవలో తల ఏ దిక్కున?

మాదాపూర్‌లోని ఆఫీసు క్యాంటీన్లో భోజనం చేస్తూ, తను కొనాలనుకుంటున్న తెరచాప పడవ ఫొటోను ఆయన అదే ఆఫీసులో పనిచేసే భార్యకు ఫోన్లో చూపించాడు.

"లోపల చిన్న గది, ఒక పడక. కాకినాడ దగ్గర లంగరు వేసి, రాత్రికి అందులోనే పడుకోవచ్చు."

"తల ఎటు పెట్టుకోవాలండీ?"

"పడవ ముక్కు వైపు."

"అంటే ఏ దిక్కు?"

"గాలి ఎటునుంచి వస్తే ముక్కు అటు తిరుగుతుంది."

"ఉత్తరానికి కూడానా?"

"తిరగొచ్చు. నాకు ఆ పట్టింపు లేదు."

"నాకుంది."

ఇక వద్దంటుందనుకుని ఆయన ఫోన్ జేబులో పెట్టబోయాడు.

"దాచకండి. రెండు పడకలున్నది చూపించండి."

"రెండెందుకు? నీకు నీళ్లంటే భయం కదా!"

"భయమే. కానీ పడవ ఉత్తరానికి తిరిగినప్పుడల్లా మిమ్మల్ని లేపి తల మార్పించేదెవరు?"