తగిలిన చీపురు

కెనడాలోని మానిటోబాలో ఒక ఊరి రింకులో, మంచు మీద బరువైన రాళ్ళను గురికి జార్చే కర్లింగ్ ఆట జంటల ఫైనల్ జరుగుతోంది. జట్టుకు ఇద్దరే కాబట్టి, చివరి రాయి వదిలిన భర్తే లేచి పరుగెత్తి అది ఇంకాస్త జారేలా దాని ముందు మంచును చీపురుతో రుద్దాడు. రాయి సరిగ్గా గురి వలయాల నడిమి చుక్క మీద ఆగింది. ఓడిన ఒరెస్ట్ దంపతులు చేతులు కలపడానికి వస్తుంటే, గెలిచిన భర్త దగ్గరికి అతని భార్య వచ్చి గొంతు తగ్గించింది.

“నీ చీపురు రాయికి తగిలింది.”

“తగల్లేదు.”

“పక్కనే ఉన్నాను. కళ్ళారా చూశాను.”

“వాళ్ళు చూడలేదుగా. నోర్మూసుకో.”

“ఈ ఆటలో తాకినవాళ్ళే చెప్పుకోవాలి. పదేళ్ళప్పటి నుంచీ ఆడుతున్నావు, నేను నేర్పాలా?”

“అంత బాధగా ఉంటే నువ్వే చెప్పు.”

“నేనెందుకు చెప్తాను? సిగ్గుంటే నువ్వే చెప్తావు.”

“కప్పు పోతుంది.”

“పోనీ. దొంగ పక్కన నిలబడి నేను ఫొటో దిగను.”

అతను ఒరెస్ట్ వైపు తిరిగాడు.

“నా చీపురు తగిలింది. ఆ రాయి చెల్లదు. ఆట మీదే.”

రాయిని తనే పక్కకు నెట్టేసి వెనక్కొచ్చాడు. ఆమెకు గెలిచినట్టే అనిపించింది.

“చూశావా, చెప్తే ఏం పోయింది?”

“కప్పు పోయింది. సరే, ఇక నీ వంతు.”

“నేను ఏ రాయినీ తాకలేదే.”

“రాయి సంగతి కాదు. ప్రతి గురువారం ఒక్కదానివే ప్రాక్టీసుకని వెళ్తున్నావు. క్రిస్మస్ నుంచీ గురువారాలు ఈ రింకుకు తాళమే. నువ్వెక్కడికెళ్తున్నావో నేను చూడలేదు, ఎవరూ చూడలేదు. తాకినవాళ్ళే చెప్పుకోవాలన్నావుగా. చెప్పు.”