బాయిలర్ మొగులయ్య వణుకుడు

మూడొద్దుల సంది మాట్లాడుడే బంద్ వెడితివి! మొగడు తాగొచ్చిండని గంత కోపమా దేవమ్మా? జెర ఇటు తిరుగు. ముందుగాల ఇను.

ఎల్లమ్మ ముంగట ఒట్టువెట్టి కల్లు మానేసిన గదా? పదిహేను దినాలకే ఈ కుడిచెయ్యి మొదలువెట్టింది. మన దిక్కు కల్లు మానినోని చెయ్యి వణుకుడు కొత్తనా? మత్తుమందు కలిపిన కల్లాయె! వణుకుడు తగ్గుతదని దవా లెక్క మళ్ల రెండు సీసాలు తాగిన. చెయ్యి ఆగలే, కాళ్లు గూడ ఊగవట్టె. నా అసొంటి తెలివిగల్లోడు జిన్నారం మండలంల ఇంకోడుండడు!

ఇగ పటాన్‌చెరు పోయి హైమావతి డాక్టరమ్మకు చూపిచ్చిన. ఇది కల్లు వణుకుడు కాదన్నది. పార్కిన్సన్స్ అట, మెదడు రోగం. నాకు మెదడున్నదని రుజువైంది, సంబురమే గదా!

"ఏం పని చేస్తవయ్యా?" అన్నది. గడ్డపోతారంల మందుల కంపెనీ బాయిలర్ ఆపరేటర్‌నన్న. "అయితే నీకు అల్కగ తెలుస్తది" అన్నది.

మెదడుల ఒక్కో కణంల చిన్నచిన్న బాయిలర్లు వందలున్నయట! ఒకటి చెడిపోతే కాపలావోడు దానిమీదెక్కి కూసొని ఇంకోన్ని పిలుస్తడట. వాడొచ్చి చీటీ అంటిస్తడట. చీటీ చూసి సంచి లెక్కటిదొచ్చి ఆ చెడ్డదాన్ని మింగి అరిగిచ్చుకుంటదట. లేకుంటే దాని పొగకు కణమే సస్తది. ఈ రోగంల ఆ పనే సరిగ నడుస్తలేదేమోనని ఇప్పుడిప్పుడే కనుక్కుంటున్నరట.

మా కంపెనీల మాత్రం చీటీ మంచిగ నడుస్తది. మన గోడవతల త్రినాథరావు సారు లేడా, మా షిఫ్ట్ ఇంచార్జి? తాగొచ్చినోన్ని "ఏంటయ్యా ఇది?" అని తిట్టి పనిల వెట్టుకుంటడు. రోగమొచ్చినోన్ని? పోచయ్యకేం చేసిండు? అన్‌ఫిట్ అని రాసి ఇంటికి తోలిండు. నాకింక ఆరేండ్ల నౌకరున్నది.

ఏంది, గట్ల చూస్తవు? చెయ్యి వణికితే పక్కోడు సస్తడంటవా? నాకు తెల్వదా? వాల్వులన్ని నా జోడి సత్తయ్యనే తిప్పుతుండు, నేను తాగొచ్చిననుకొని, పాపం.

ఇగ అసలు ముచ్చట. నెల దినాల సంది చుక్క ముట్టలే. అంగి మీద ఇంత కల్లు చల్లుకొని డ్యూటీకి పోతున్న, గంతే.

ఓయ్, ఏడుస్తున్నవా? ఏడ్వకే, ఏడిస్తే రోగమని తెలుస్తది! సారు బయటికెళ్లే టైమాయె. లే, వాకిట్లకొచ్చి తాగుబోతోడా అని నన్ను తిట్టు.

జెర గట్టిగ.