పోలిక చూసే తలుపు

దోహా, 1977. ల్యాబులో గాజు పళ్ళాలు కడిగే అతను చేతులు తుడుచుకుంటూ, పరీక్షలు చేసే సారు పక్కన నిలబడ్డాడు.

"గింత సన్న బ్యాక్టీరియా ఎట్ల తింటది సారూ?"

"దాని పొరలో తలుపులుంటాయి. ఆకారం సరిపోయిన అమైనో ఆమ్లాన్ని లోపలికి లాక్కుంటాయి."

"అదే పోలికతోని వేరేది వస్తే?"

"ఒక్కోసారి దాన్నీ లాక్కుంటాయి. దాంతో ఒళ్ళు కట్టుకుని, పాపం, బ్యాక్టీరియానే చస్తుంది."

"నేనైతే పని మంచిగనే చేస్తున్న."

"నిన్నెవరేమన్నారు హన్మాండ్లూ?"

"హన్మాండ్లు మా అన్న సారూ. మొకాలు ఒక్కతీరుగుంటయని ఆయన పాస్‌పోర్టు మీద నేనొచ్చిన. మొన్న ఊర్ల సచ్చిపోయిండు."

"అయ్యో! మరి వెళ్ళవా?"

"పోవాలె. లీవు కాయితం మీరే రాసియ్యాలె. సచ్చింది ఎవరని రాస్తరు సారూ?"