ఎనిమిదో మెట్టు

"కామాలు వదిలెయ్యమ్మా. కామా ఒకటి అటూ ఇటూ అయితే చదివేవాడు చచ్చిపోడు. మాట మారిన చోట్లే చదివి వినిపించు."

"మాటలు మూడే మార్చాను మాస్టారూ. వెయ్యిన్ని నూట పన్నెండు పేజీల్లో మూడే మూడు."

"నా నవలలు మూడూ కలిపి ఒకే బైండుగా వేస్తుంటే మూడే తప్పులా? మీ ప్రెస్సు అంత బాగుపడిందా?"

"అబ్బే, అచ్చుతప్పులు నాలుగొందల పైనే ఉన్నాయి. వాటికి మీరక్కర్లేదు, ప్రూఫులు దిద్దేదాన్ని నేనున్నాను. ఇవి వేరు. ఇవి విషయంలో మార్పులు. మిమ్మల్ని అడక్కుండా వెయ్యకూడదని మా ఫోర్‌మన్ పంపించాడు. తిట్టి మరీ పంపించాడు."

"ఎందుకు తిట్టాడు?"

"రాతప్రతిలో ఉన్నది ఉన్నట్టు అచ్చులో ఉందో లేదో చూడ్డమే నీ పని, రాసినాయనకి కథ నేర్పడానికి నువ్వెవరివి అని."

"సరిగ్గానే అన్నాడు. కానీ, చదువు. తొందరగా వెళ్ళాలన్నావు కదా."

"నాలుగింటికి పాపని బడి నుంచి తీసుకురావాలి. ఇవాళ గనక ఆలస్యమైతే మా అత్తగారు నన్ను గడప తొక్కనివ్వరు."

"ఇప్పుడెంతయింది? చూపు పోయాక ఆ గోడగడియారం గంట కొడితేనే తెలుస్తుంది నాకు."

"మూడుంపావు."

"బోలెడు టైముంది. మొదటిది చదువు."

"మొదటి నవల, కోట కథ. రెండొందల పన్నెండో పేజీ. రాళ్ళు చెక్కేవాడు కోటదొర కూతుర్ని నేలమాళిగలోకి తీసుకెళ్ళి, గోడలో పెట్టి మూసేస్తాడే, అక్కడ. 'ఏడు మెట్లు దిగారు' అని ఉంది. ఎనిమిది అని దిద్దాను... మాస్టారూ? నిద్రపోయారా?"

"లేదు. ఎనిమిదా?"

"ఎనిమిదోది సగం విరిగి ఉంటుంది కదా, కాలు పెడితే ఊగుతుంది. అందుకని లెక్కలో వదిలేశారేమో అనుకున్నాను."

"మెట్టు విరిగిందని నా పుస్తకంలో ఎక్కడుంది?"

"వెనకెక్కడో ఉండే ఉంటుంది."

"ఎక్కడా లేదు. రాసింది నేను."

"అయితే కొట్టేస్తాను లెండి. ఏడే ఉంచుతాను."

"ఉండు, ఉండు. రెండోది చదువు."

"రెండోది ఓడరేవు కథ. గిడ్డంగి గుమాస్తా ఓడ యజమాని భార్యని ఉప్పు కొట్లో పెట్టి తాళం వేస్తాడు. 'తాళంచెవి అతని నడుముకి వేలాడుతోంది' అని మీరు రాశారు. నేను... నేనది కొట్టేసి 'కొంగు చివర ముడిలో ఉంది' అని రాశాను."

"మగవాడికి కొంగేమిటమ్మా?"

"అదే మరి! నిన్న మళ్ళీ చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. ఏ ధ్యాసలో ఉండి రాశానో ఏమో."

"నవ్వొచ్చిందా?"

"రాలేదు."

"మూడోది?"

"మూడోది చిన్నదే. ఆస్పత్రి కథలో, డాక్టరు తను ప్రేమించినామెని మందుల గదిలో పెట్టి తలుపు మూసేశాక, ఆమె రెండు రోజులు బతికిందని ఉంది. మూడు అని దిద్దాను. అంతే, అయిపోయాయి. సంతకం పెడతారా, కొట్టెయ్యమంటారా?"

"ఎవరు చెప్పారు నీకు, మూడని?"

"ఎవరూ చెప్పలేదు."

"పాత ముద్రణ ఏదైనా చూశావా?"

"పదకొండు ముద్రణలూ తెప్పించుకుని చూశాను. అన్నింట్లోనూ ఏడు మెట్లే, అన్నింట్లోనూ రెండు రోజులే. రాతప్రతి పక్కన పెట్టుకునే దిద్దుతున్నాను మాస్టారూ. కళ్ళు ఏడు అని చదువుతున్నాయి, చెయ్యి ఎనిమిది అని రాసేసింది. పన్నెండేళ్ళ నుంచి ఈ పని చేస్తున్నాను. లెక్కల పుస్తకంలో రెండూ రెండూ అయిదని ఉన్నా ముట్టుకోలేదు, రాసినవాళ్ళనే అడిగాను. అలాంటిదాన్ని."

"పని ఎక్కువై ఉంటుంది. అలిసిపోయి ఉంటావు."

"మాస్టారూ, ఒక మాట అడుగుతాను. సూటిగా చెప్పండి. ఇదంతా కల్పనే కదా?"

"నవల అంటేనే కల్పన."

"అలా కాదు. ఇలాంటిది ఎక్కడా జరగలేదు, మూడు కథల్లోనూ ఉన్న ఆ ఇద్దరూ లేరు, వాళ్ళు మళ్ళీ మళ్ళీ పుట్టలేదు, ఒకరినొకరు వెతుక్కోలేదు, ఇదంతా ఈ కుర్చీలో కూర్చుని నేనే అల్లాను అని నాతో చెప్పండి."

"ఎందుకమ్మా అంత పట్టుదల?"

"ఈ ప్రూఫులు చేతికొచ్చి నెలయింది. నెల నుంచి ఒకటే కల. కళ్ళు మూస్తే చాలు, చీకటి, చల్లటి రాయి, గోడ. మా ఆయన పాపని తీసుకుని ముందు గదిలో పడుకుంటున్నాడు. నిద్రలో నేను ఎవరినో పిలుస్తున్నానట. ఆయన్ని కాదు. మొన్న పాపని బడి నుంచి తేవడం మర్చిపోయాను. చీకటి పడ్డాక బడిలో పనిచేసే ఆయా ఇంటికి తీసుకొచ్చింది. ఆరేళ్ళ పిల్ల, గేటు పట్టుకుని నిలబడే ఉందట. ఏడవను కూడా లేదట."

"ఆ టైములో నువ్వెక్కడున్నావు?"

"చెప్తే నవ్వకూడదు. మీ వీధి చివర నిలబడి ఉన్నాను. ఎలా వచ్చానో తెలియదు. మీ అడ్రసు కూడా నాకు అప్పటికి తెలియదు. మా అత్తగారు పుట్టింటికి పొమ్మంటున్నారు, పాప లేకుండా. మా ఆయన ఏమీ అనడం లేదు, అదే భయంగా ఉంది. అందుకే వచ్చాను. ఫోర్‌మన్ పంపించలేదు మాస్టారూ, అబద్ధమాడాను. ఆయన ఆ మూడూ కొట్టెయ్యమన్నాడు, అంతే. మీ నోటితో ఒక్కమాట వింటే చాలు, నా కొంప నిలబడుతుంది. కల్పనే అనండి."

"కల్పన. నూటికి నూరుపాళ్ళూ కల్పన. కోటా లేదు, ఓడా లేదు. ఆ వయసులో వేరే పని లేక రాశాను, జనం ఎగబడి కొన్నారు, అంతే సంగతి."

"ఒట్టు?"

"ఒట్టు. కళ్ళు తుడుచుకో. గొంతు వింటే తెలుస్తోంది."

"అమ్మయ్య. గుండెల మీద నుంచి బండ దించినట్టుంది."

"ఇప్పుడు నేను చెప్పేది విను. ఆ కట్ట మీ ఫోర్‌మన్ మొహాన కొట్టి, వేరే పుస్తకం అడుగు. వంటల పుస్తకమో, వ్యాకరణమో. ఈ ఇంటి వైపు మళ్ళీ రావద్దు."

"వంటల పుస్తకమైతే మా ఆయన దణ్ణం పెడతాడు. నెల నుంచి ఉప్పు లేని తిండి తింటున్నాడు పాపం."

"వెళ్ళమ్మా, వెళ్ళు. పాపకి ఆలస్యమవుతుంది."

"వెళ్తున్నా. ఇంకా పాతిక నిమిషాలుంది... మాస్టారూ, మరి ఆ చప్పుడు?"

"ఏ చప్పుడు?"

"గోడని గోళ్ళతో గీకే చప్పుడు. కలలో రోజూ ఉంటుంది."

"పుస్తకంలో చదివి ఉంటావు, అదే మనసులో ఉండిపోయింది."

"పుస్తకంలో లేదు. మూడు నవలలూ నాకు అక్షరం అక్షరం వచ్చు. ఎక్కడా గీకుడు లేదు. మొహం అటు తిప్పుకుంటున్నారేం?"

"వెళ్ళమన్నానా!"

"ఒట్టు వేశారు మీరు. నా పిల్ల గురించి చెప్పుకుని ఏడిస్తే, ఒట్టు వేసి అబద్ధం చెప్పారు. జరిగింది కదూ? అదంతా జరిగింది."

"జరిగింది."

"అయ్యో."

"నిజం కావాలన్నావుగా, విను. ప్రతి పుస్తకంలో ఒక చిన్న అబద్ధం కావాలనే పెట్టాను. మెట్ల లెక్క, తాళంచెవి, రోజులు. లక్షల మంది చదివారు. ఆడపిల్లలైతే, అంతలా ప్రేమించేవాడు మాకెప్పుడు దొరుకుతాడో అని ఉత్తరాలు రాశారు. వాళ్ళ మొహం, గోడలో పెట్టి మూసేవాడు కావాలట వాళ్ళకి! ఆ అబద్ధాలు మాత్రం ఒక్కరూ పట్టుకోలేదు. పట్టుకోగలిగేది లోకంలో ఒక్కతే. ఇవి తప్పని ఆమె ఉత్తరం వచ్చిన రోజే ఇల్లు మారిపోవాలని ముప్పయ్యేళ్ళుగా సామాను సగం సర్దుకునే ఉన్నాను."

"మారిపోవాలనా? వెతుక్కోవాలని కాదా?"

"కాదు. చూపు పోయాక ఉత్తరాలు మా చెల్లెలు చదువుతోంది, ఎక్కడికీ కదలలేకపోయాను. ఈలోగా నువ్వే వచ్చావు."

"అయితే ఆ రాళ్ళు చెక్కేవాడు మీరే. ఆ గుమాస్తా మీరే. ఆ డాక్టరూ మీరే. నన్ను మూడుసార్లు..."

"అవును. నేనే. మూడుసార్లూ నేనే చంపాను. నాది కాకపోతే ఎవరిదీ కాకూడదని చంపాను. నాలుగోసారి చంపనని నాకే నమ్మకం లేదు. కళ్ళు పోయాయి గానీ చేతుల్లో సత్తువ పోలేదు. భయంగా లేదూ? భయపడు. పరిగెత్తు. నీ మొగుడి దగ్గరికి పో, నీ కూతురి దగ్గరికి పో!"

"..."

"పోయావా? అమ్మాయ్? ఉన్నావా, వెళ్ళావా?"

"ఇక్కడే ఉన్నాను. భయం వెయ్యడం లేదు మాస్టారూ. అదే నాకూ వింతగా ఉంది. మీరే వణుకుతున్నారు."

"పెద్దవాణ్ణి. చలి."

"ఇంత ఎండలో చలేమిటి? నేను వచ్చిన దగ్గర్నుంచీ చేతులు దుప్పటిలోనే పెట్టుకున్నారు. తియ్యండి."

"వద్దు."

"తియ్యండి మాస్టారూ. నేనే తీస్తాను. ఇలా... అయ్యో రామ, ఈ వేళ్ళేమిటి ఇలా ఉన్నాయి? గోళ్ళేవి? ఒక్కదానికీ లేవేం?"

"పుట్టుకతోనే లేవు."

"పదింటికీ?"

"పదింటికీ. డాక్టర్లు ఏదో పేరు చెప్పారు. ఆ పేరు నేనెప్పుడూ నమ్మలేదు. చెయ్యి వదులమ్మా."

"ఉండండి, నన్ను ఆలోచించుకోనివ్వండి. కలలో ఆ చప్పుడు... గీకేది నేను కాదు. నేను వింటున్నాను. ఎనిమిదో మెట్టు మీద కూర్చుని వింటున్నాను, కిందున్న ఆ మెట్టు ఊగుతోంది, తాళంచెవి నా కొంగులో... లోపల ఉన్నది నేను కాదు."

"ఇంక ఆలోచించకు. నీకు చేతులెత్తి దణ్ణం పెడతాను."

"మీరు తిరగేసి రాశారు."

"తిరగేసే రాశాను. వాడు చంపాడని రాస్తే, నువ్వెక్కడున్నా చదివి వాణ్ణి చూసి భయపడతావని, నా నీడ కూడా తొక్కకుండా దూరంగా ఉంటావని. నా బుర్రకి అంతకంటే తోచలేదు. కోట పని అయిపోయింది, తెల్లవారి మా ఊరు వెళ్ళిపోతానన్నాను. అంతే నేను చేసిన తప్పు. గోడకి లోపలి వరస కట్టమని దింపావు. చివరి రాయి నువ్వే పెట్టావు."

"మూడు రోజులు కదూ?"

"ప్రతిసారీ మూడు రోజులే. నువ్వు లేచి వెళ్ళనైనా లేదు. తిండీ నీళ్ళూ లేకుండా అవతలే కూర్చుని నాతో మాట్లాడావు. ఇంక నన్ను వదిలిపెట్టి పోవు కదా, పోవు కదా అని అడుగుతూనే ఉన్నావు. చివరికి పోను అన్నాను. ఆ మాట అన్నాకైనా తీస్తావనుకున్నాను."

"ఆ మాట వినే నేను కళ్ళు తుడుచుకున్నాను. జ్ఞాపకమొస్తోంది. ఎంత సంతోషమేసిందో."

"ఎంతయింది టైము?"

"చూడలేదు."

"నాలుగు కొట్టడం వినిపించింది నాకు. అమ్మా, ఇప్పుడు నువ్వు ఆ మనిషివి కాదు. ప్రూఫులు దిద్దుకునే ఇల్లాలివి. నిన్ను నమ్ముకున్న మనుషులున్నారు. ఈ ముసలి గుడ్డివాడిలో ఏముంది నీకు? లేచి వెళ్ళు. బడి వదిలేశారు. గేటు దగ్గర పాప ఎదురుచూస్తూ ఉంటుంది."

"చూడనీ. ఆ రెండో చెయ్యి కూడా ఇలా ఇవ్వు, ఎంత చల్లగా అయిపోయావో చూడు."