దిగే స్టేషన్ ముందే చెప్పాలి

కొండల వైపు పోయే రెండు పెట్టెల రైలు. తలుపు పక్కన చక్రాల కుర్చీలో ముప్పై ఆరేళ్ళ నగిసా, ఎదురు సీట్లో ఆమె తల్లి ఫుసాయె, పై అరలో కుక్కి కుక్కి నింపిన సంచీ ఒకటి.

"మరి వేడినీటి బుగ్గల హోటల్లో స్నానానికి అంత సంచీ ఎందుకమ్మా?"

"తువ్వాళ్ళు."

"తువ్వాళ్ళు వాళ్ళే ఇస్తారుగా."

"వాళ్ళవి గరుగ్గా ఉంటాయి. అన్నం ముద్ద తింటావా? లోపల ఉమె పండు ఊరగాయ పెట్టాను."

"ఆ సంచీ పైన పెట్టేసరికి స్టేషన్ వాళ్ళిద్దరికీ ఆయాసం వచ్చింది. అన్నీ తువ్వాళ్ళేనా?"

"పోనీ టీ తాగు."

"టీ తాగితే తర్వాత? ఈ రైలు మరుగుదొడ్లో నా కుర్చీ సగం కూడా దూరదు. పొద్దున్నుంచి గొంతు తడుపుకోలేదు నేను. నీకు తెలీదా?"

"తెలుసులే. అలవాటు కొద్దీ అన్నాను. అవునూ, రియో బాగా వండుతుందా?"

"రియోనా?"

"అదే, మంగళవారం వచ్చే సాయం పిల్ల. నేను ఆసుపత్రికెళ్ళిన రోజు వండిపెట్టిందిగా. ఉప్పు సరిగ్గా వేస్తుందా?"

"నీకంటే తక్కువే వేస్తుంది. ఎందుకూ?"

"ఊరికే. నిన్ను మంచం మీదకి ఎత్తేటప్పుడు నడుం కింద చెయ్యి వేస్తుందా, చంకలు పట్టి లాగుతుందా?"

"నడుం కిందే వేస్తుంది. ఏంటమ్మా ఇవాళ? రియో పేరెత్తితేనే మూతి ముడుచుకుంటావు నువ్వు. రాత్రీ పగలూ మనుషుల్ని పెట్టుకుని నా బతుకు నేను బతుకుతానంటే ఇల్లు పీకి పందిరేశావు. పరాయివాళ్ళ చేతుల్లో పిల్లనెలా పెడతానన్నావు. ఇప్పుడు ఉప్పు దగ్గర్నుంచీ ఆరాలా?"

"అడక్కూడదా?"

"అడుగు. నేనూ ఒకటి అడుగుతా. యునోసాతోలో దిగి ఎక్కడికెళ్తున్నాం?"

"చెప్పానుగా. స్నానానికి."

"కుర్చీతో వెళ్ళే స్నానాలగది ఉందా అక్కడ?"

"ఉంటుంది."

"ఉంటుందా, ఉందా?"

"ఉందే తల్లీ, ఉంది. మనిషిని ఎత్తి నీళ్ళలోకి దించే యంత్రం కూడా ఉంది."

"హోటల్లో ఎత్తి దించే యంత్రమా?"

"అటు చూడు, కొండమీద ఆకులు ఎలా ఎర్రబడ్డాయో."

"కొండ ఎక్కడికీ పోదు. నా వంక చూడమ్మా. ఆ యంత్రాలు హోటళ్ళలో ఉండవు."

"అమ్మగారూ, ఒక్క నిమిషమండీ. నేను ఈ రైలు గార్డుని. ఈవిడ యునోసాతోలోనే కదండీ దిగేది?"

"ఈవిడకి నోరుంది. ఈవిడనే అడగొచ్చు."

"అయ్యో, క్షమించండి. యునోసాతోలో మామూలుగా మా సిబ్బంది ఎవరూ ఉండరండి. మీకోసం పెద్ద స్టేషన్ నుంచి ఒకాయన ర్యాంపు పలక కారులో వేసుకుని వచ్చాడు. ఫ్లాట్‌ఫారానికీ తలుపుకీ మధ్య ఆయనే వేస్తాడు, కంగారు పడకుండా దిగొచ్చు. తిరిగి వెళ్ళేది ఏ బండికో చెబితే అప్పటికి మళ్ళీ ఉండమంటాం."

"సాయంత్రం బండికి కదమ్మా? ఇద్దరం."

"అది నేను స్టేషన్ వాళ్ళతో మాట్లాడుకున్నాలే బాబూ."

"ఏం మాట్లాడుకున్నావు? ఈయనకీ చెప్పు."

"నువ్వెళ్ళు బాబూ, నీ పని చూసుకో. చాలా శ్రమ ఇస్తున్నాం నీకు."

"శ్రమేం లేదండీ. ముందే చెప్పకపోతే పలక వేసే మనిషి దొరకడు, అందుకని అడిగాను. వస్తానండీ."

"వెళ్ళాడు. ఇప్పుడు చెప్పు."

"ఏం చెప్పను?"

"తిరుగు బండి."

"స్నానం ఎప్పటికవుతుందో ఏమో..."

"అమ్మా, నీ నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటి కుక్కకి జ్వరమొస్తే వీధంతా చెప్పొస్తావు. అలాంటిది తిరుగు బండి పేరు చెప్పడానికి నోరు పెగల్లేదు. నాకు తిరుగు బండి లేదు, అంతేగా?"

"అరవకు. జనం చూస్తున్నారు."

"చూడనీ. ఎక్కేటప్పుడు టోపీలవాళ్ళు నా చుట్టూ చేరి, చక్రాల కుర్చీ వస్తోంది దారివ్వండని మైకులో అరిచినప్పుడు చూళ్ళేదా? చూపులకేం, అలవాటే నాకు. అది హోటల్ కాదు. మనుషుల్ని తీసుకెళ్ళి పడేసే ఇల్లు. అవునా, కాదా?"

"పడెయ్యడమేంటి ఆ మాటలు! మంచి చోటు. గదులు శుభ్రంగా ఉన్నాయి, కిటికీ తీస్తే దేవదారు చెట్లు."

"అంటే చూసొచ్చావు కూడా!"

"చూశాను."

"ఎప్పుడు?"

"ఆసుపత్రికెళ్ళిన రోజు."

"అబద్ధం చెప్పి వెళ్ళావన్నమాట."

"అబద్ధమేం కాదు. ఆసుపత్రికీ వెళ్ళాను. అట్నుంచి అటే అక్కడికి వెళ్ళాను."

"గది తీసుకున్నావా?"

"నగిసా..."

"తీసుకున్నావా, లేదా?"

"తీసుకున్నాను."

"నాతో ఒక్క మాట చెప్పకుండా."

"చెబితే ఒప్పుకునేదానివా?"

"చచ్చినా ఒప్పుకోను!"

"అందుకే చెప్పలేదు."

"మిచియో తెలుసుగా నీకు, నాతో చదివింది. అలాంటి ఇంట్లోనే ఏళ్ళు గడిపి బయటపడింది. అన్నం చప్పగా ఉంటుంది. ఎనిమిదయ్యేసరికి దీపాలార్పేస్తారు. గుమ్మం దాటాలంటే ముందురోజే అడగాలి."

"ఎనిమిదింటికేనా? తొమ్మిదింటికి సీరియల్ ఉంటుందే."

"సీరియల్ చూసేది నువ్వు. నేను కాదు."

"అవుననుకో. అన్నం మరీ చప్పగా ఉంటుందా? ఊరగాయ పట్టుకెళ్ళనిస్తారా?"

"నవ్వాలా ఏడవాలా నాకు తెలీట్లేదు. కన్నకూతుర్ని తీసుకెళ్ళి తలుపేసి వస్తూ ఊరగాయ గురించి అడుగుతున్నావా! నా పని ఏమవుతుంది? ఇళ్ళ నక్షలు గీసి సంపాదించుకుంటున్నాను నేను. రాత్రి పూట గీస్తాను. అక్కడ ఎనిమిదింటికి దీపం ఆర్పేస్తే నేనేం చెయ్యాలి, దేవదారు చెట్లు లెక్కపెట్టుకోవాలా? వచ్చే స్టేషనేంటి?"

"హినోకుచి. అక్కడ నరపురుగు కూడా ఉండదు."

"గార్డుగారూ! గార్డుగారూ, ఇలా రండి!"

"చెప్పండి, ఏమైందండీ?"

"నేను హినోకుచిలో దిగాలి."

"హినోకుచిలోనా? అక్కడ మావాళ్ళు లేరండి. పలక కూడా లేదు."

"మీరు ఏదో ఒకటి చేసి దించండి."

"మెట్టు ఎత్తుగా ఉంటుందండి. కుర్చీ కూడా మోటారుది, నా ఒక్కడి వల్ల కాదు. నిన్ననే చెప్పుంటే..."

"నిన్న నాకు దిగాలని లేదు. ఇప్పుడుంది!"

"అర్థమైందండి. కానీ..."

"అటు చూడండి, ఆ ఎర్ర స్వెట్టరావిడ. ఇందాక ఒక స్టేషన్‌లో దిగింది, కాదనుకుంది, పరిగెత్తి మళ్ళీ ఎక్కింది. నిన్ననే చెప్పారా అని ఆవిణ్ణెవరైనా అడిగారా? నడిచేవాళ్ళకి రైల్లో మనసు మారొచ్చు. నాకు మాత్రం ముందురోజు ఏ మనసుందో ఆ మనసుతోనే దిగాలి, అంతేనా?"

"నిజమేనండీ. మీరన్నది నిజమే."

"తన మాటలు పట్టించుకోకు బాబూ. మనకోసం ఆ మనిషి అంత దూరం నుంచి వచ్చి నిలబడ్డాడు. ఆయన్ని ఇబ్బంది పెట్టడం..."

"ఇబ్బంది! పుట్టినప్పట్నుంచీ ఇదే మాట. బస్సు ఎక్కితే డ్రైవరుకి ఇబ్బంది, సినిమాకెళ్తే వెనకవాళ్ళకి ఇబ్బంది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, ఎక్కడికెళ్ళినా నేనొక ఇబ్బందిని. అందరి ఇబ్బందీ ఒక్కసారే తీరాలంటే నన్ను కొండమీద పెట్టి రావాలి. యునోసాతోలో నేను దిగనుగాక దిగను. ఇదిగో, కుర్చీకి బ్రేకు వేసేశాను. ఎవరు లాగుతారో లాగండి."

"అయ్యయ్యో, మిమ్మల్ని బలవంతంగా ఎవరూ దించరండి. ఉండండి, మా కంట్రోలు వాళ్ళని అడిగి వస్తాను. ఒక్క ఐదు నిమిషాలు."

"పాపం ఆ కుర్రాడి మొహం చూడు, ఎలా పాలిపోయిందో."

"నా మొహం ఎలా ఉందో చూడవా?"

"చూస్తూనే ఉన్నాను."

"అలా ఒరిగిపోయి కూర్చున్నావేంటి? నడుంపట్టీ పెట్టుకోలేదా?"

"సంచిలో ఉంది."

"నా సంచిలో నీ పట్టీ ఎందుకూ?"

"చేతికందింది, పెట్టేశాను."

"డాక్టరు ఏమన్నాడు అసలు?"

"ఇంకేమంటాడు. ఎత్తొద్దన్నాడు. నిన్నే కాదు, బియ్యం సంచీ కూడా. ఆమధ్య స్నానాలగదిలో నువ్వు జారావే..."

"నీళ్ళు పడి నేల జారుగా ఉందన్నావు."

"నేల పొడిగానే ఉంది. నా చేతులే వదిలేశాయి. నీ తల గోడకి తగలాల్సింది, వెంట్రుకవాసిలో తప్పింది. ఆ రోజు నుంచి కన్ను మూస్తే అదే కనిపిస్తోంది నాకు."

"నాకు చెప్పొచ్చుగా అమ్మా."

"చెబితే నువ్వు ఏం కాదులే అంటావు. నేనూ ఏం కాదులే అనుకుంటాను. తెల్లారి లేచి మళ్ళీ ఎత్తుతాను."

"నీ నడుం అరిగిపోయింది నా వల్లే. నాకు తెలీదనుకున్నావా? నువ్వు వంగిన ప్రతిసారీ నాకు ఒళ్ళు బిగుసుకుపోతుంది. అందుకేగా రియోని పెట్టుకుందామన్నాను, దాని స్నేహితురాలిని కూడా పెట్టుకుందామన్నాను. రోజుకిన్ని గంటలని సాయం మనుషుల్ని పంపుతామని టౌనాఫీసు వాళ్ళు ఇంటికొచ్చి చెప్పారు. నువ్వే వాళ్ళని చెప్పులు విప్పనివ్వకుండా పంపేశావు."

"అవును. నేనే పంపేశాను."

"ఎందుకు?"

"నేనుండగా ఇంకొకళ్ళు నిన్ను ఎత్తుతుంటే నేను ఊరుకోలేనే. అలా కాదు ఇలా పట్టుకో అంటాను. జరుగు, నేనే ఎత్తుతానంటాను. ఆ ఇంట్లో నేనున్నన్నాళ్ళూ నిన్ను వదల్లేను. నా సంగతి నాకు తెలుసు."

"వదల్లేవు గనక తీసుకెళ్ళి వదిలేస్తావా? ఎక్కడి న్యాయం ఇది?"

"వదలడం తేలికనుకున్నావా?"

"నాకు ఏడుపొస్తోందమ్మా. కానీ ఏడవను. కోపమే ఎక్కువగా ఉంది."

"కోపమే మంచిదిలే. ఇలా రా, మఫ్లర్ జారిపోయింది. చలిగాలి తగుల్తుంది."

"నా చేతులు పనిచేస్తాయి. నేను సర్దుకోగలను."

"ఒక్కసారి నన్ను సర్దనీ."

"క్షమించాలి, ఆలస్యమైంది. కంట్రోలు వాళ్ళతో మాట్లాడానండీ. మీరు యునోసాతోలో దిగాల్సిన పన్లేదు. ఇదే బండి చివరి స్టేషన్ దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతుంది, కదలకుండా కూర్చోవచ్చు. మీ ఊళ్ళో పలకతో మావాళ్ళుంటారు."

"నిజంగా? విన్నావామ్మా! నేను ఇంటికెళ్ళిపోతున్నాను. చాలా థాంక్సండీ, మీ మీద అరిచాను, మనసులో పెట్టుకోకండి."

"అయ్యో, పర్లేదండీ. అమ్మగారూ, మీకు సమ్మతమేనా మరి?"

"సమ్మతమే."

"ఏంటీ?"

"సమ్మతమే అన్నాను. ఇంటికెళ్ళు."

"ఇంత సేపు పోట్లాడి, ఒక్క మాటలో? కోపమొచ్చిందా? అమ్మా, నేను నీ మీద ద్వేషంతో అన్లేదు. ఇంటికెళ్ళి ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. రియోని పిలుద్దాం. నువ్వు పక్కగదిలో టీవీ చూసుకో, ఇటు రాకు. అలవాటవుతుంది నీకు."

"నాకు అలవాటవదు తల్లీ."

"అవుతుంది. నేను చేస్తాగా అలవాటు. ఇదిగో, యునోసాతో వచ్చేసింది. ఆయనే కాబోలు, పలక పట్టుకుని వంగి వంగి నమస్కారాలు పెడుతున్నాడు. పాపం, వద్దని చెయ్యూపమ్మా."

"గార్డు బాబూ, ఆ సంచీ కాస్త దించిపెడతావా?"

"సంచీ ఎందుకు? అమ్మా, ఎందుకు లేస్తున్నావు? నేను దిగనన్నాను కదా!"

"నువ్వు దిగొద్దు."

"రండి రండి, యునోసాతోకి స్వాగతమండీ! పలక వేసేశాను. కుర్చీ నిదానంగా రానివ్వండి."

"నీకు ఊరికే శ్రమ ఇచ్చాను నాయనా, ఆ పలక తీసెయ్యి. ముసలాళ్ళ ఇంట్లో గది తీసుకున్నది నా పేరు మీద. దిగేది నేనొక్కదాన్నే. నగిసా, నీకు ఆ గది చూపించి సాయంత్రం బండికి ఎక్కిద్దామనుకున్నాను. రియో ఇంటి దగ్గరే ఉంది, ఇవాళ్టి నుంచి రాత్రిళ్ళు కూడా ఉంటుంది. టౌనాఫీసుకి నేనే వెళ్ళి చెప్పొచ్చాను."

"తియ్యకండి! ఆ పలక తియ్యకండి, నేనూ దిగుతాను!"